45 నల్ల టీషర్టులు, ఆరు రంగుల బొమ్మ, వెనక పేర్లు: ఏ ప్రింటింగ్ చేయించాలి?

కొండదారి:
అందరికీ నమస్తే. మా ట్రెక్కింగ్ గ్రూపుకి 45 టీషర్టులు చేయించే పని నా నెత్తిన పడింది. మీటింగులో అందరూ నేల చూపులు చూస్తుంటే నేను "సరే, చూస్తాలే" అన్నాను, అంతే.

షర్టు నలుపు. ముందు వైపు మా గ్రూపులోనే ఒకమ్మాయి గీసిన బొమ్మ: కొండ మీద చందమామ, కింద గుడారం, పక్కన మంట. మొత్తం ఆరు రంగులు, ఆకాశం దగ్గర నీలం మెల్లగా నలుపులో కలిసిపోతుంది. వెనక భుజాల కింద ఎవరి పేరు వాళ్లకి తెలుగులో పెద్దగా.

ముగ్గురిని అడిగాను. ఒకాయన స్క్రీన్ ప్రింటింగ్ తప్ప ఏదీ నిలవదన్నాడు. ఇంకొకాయన ఈ రోజుల్లో స్క్రీన్ ఎవరు చేయిస్తున్నారు, డీటీఎఫ్ చేయించుకో, రేపటికి ఇచ్చేస్తా అన్నాడు. మూడో ఆయన డీటీజీ మెషీన్ చూపించి, ఇది బట్ట మీద నేరుగా కొడుతుంది, మెత్తగా ఉంటుంది అన్నాడు. ముగ్గురూ వాళ్ల దగ్గరున్న మెషీనే మంచిదంటున్నారని ఇంటికొచ్చాక గానీ వెలగలేదు. మీరేమంటారు? ట్రెక్‌కి ఇంకా ఐదు వారాలుంది.

ఫిల్మ్_పౌడర్:
డీటీఎఫ్. ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రో.

ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ముందు రంగులు పడతాయి, వాటి పైన తెల్ల ఇంకు. తడి ఆరకముందే జిగురు పౌడర్ చల్లి వేడికి కరిగిస్తాం. ఆ ఫిల్మ్ షర్టు మీద పెట్టి 150 నుంచి 160 డిగ్రీల దగ్గర 10-15 సెకన్లు ప్రెస్ చేసి లాగేస్తే బొమ్మ బట్టకి ఉండిపోతుంది. ఆరు రంగులైనా అరవై రంగులైనా పని ఒకటే. మీ 45 పేర్లూ ఒకే షీటు మీద పక్కపక్కన పేర్చి ఒక్కసారే తీసేస్తాం. కాటనా, పాలిస్టరా అనే గొడవ లేదు. నేను డీటీఎఫ్ పనివాడినే, ముందే చెప్పేస్తున్నా, తర్వాత ఎవరూ అనొద్దు.

ఒకసారి_కాలినవాడు:
నిరుడు మా ఆఫీసు క్రికెట్ టీముకి ఇలాగే "రేపటికి ఇచ్చేస్తా" అన్నాయన దగ్గర డీటీఎఫ్ చేయించా. నాలుగో ఉతుకుకి లోగో అంచు లేచింది, ఆరో ఉతుకుకి మా కెప్టెన్ వేలితో పట్టి లాగితే స్టిక్కర్‌లా మొత్తం ఊడొచ్చింది. ఆ స్టిక్కర్ తెచ్చి నా టేబుల్ మీద అతికించాడు. ఇంకా అక్కడే ఉంది.

ఫిల్మ్_పౌడర్:
అది డీటీఎఫ్ తప్పు కాదు, చేసినవాడి తప్పు. పౌడర్ సరిగ్గా కరగకపోయినా, ప్రెస్‌లో ఒత్తిడి తక్కువైనా, షర్టులో తేమ ఉన్నా అంచు లేస్తుంది. ముందు ఉత్త షర్టుని నాలుగైదు సెకన్లు ప్రెస్ చేసి తేమ పోగొట్టాలి. ఫిల్మ్ తీశాక మళ్లీ ఇంకోసారి ప్రెస్ చేయాలి. తొందరలో చాలామంది ఈ రెండూ ఎగ్గొడతారు. మీరు లోగో ఎక్కడ వేయించారు? జేబు కుట్టు మీదకి గానీ వచ్చిందా?

ఒకసారి_కాలినవాడు:
కాలర్ పట్టీ కుట్టుకి ఆనుకునే ఉంది. నిజమే.

ఫిల్మ్_పౌడర్:
అదీ సంగతి. కుట్టు ఎత్తుగా ఉంటుంది కదా, ప్రెస్ బరువంతా అదే మోస్తుంది, పక్కన ఉన్న బొమ్మకి ఒత్తిడి అందదు. కింద మెత్త పెట్టి చేయాలి.

స్క్వీజీ_బాబాయ్:
ఇరవై ఏళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నా. కాబట్టి నేనూ నా మెషీనే మంచిదంటాననుకుంటారు. అనను. ఈ బొమ్మ ఉన్నదున్నట్టు ఇస్తే నేను ఈ ఆర్డరు తీసుకోను.

ఎందుకో వినండి. స్క్రీన్ అంటే జాలీ గుడ్డ బిగించిన ఫ్రేము, బొమ్మ ఉన్న చోట జాలీలోంచి ఇంకు బట్ట మీదకి దిగుతుంది. రంగుకొక ఫ్రేము. ఆరు రంగులు అంటే ఆరు, నల్ల బట్ట గనక అన్నిటి కింద తెల్ల పొర ఒకటి వేయాలి, లేకపోతే పసుపు వేస్తే బురద రంగు కనిపిస్తుంది. మొత్తం ఏడు. ఏడు ఫ్రేములకి ఎమల్షన్ (వెలుగు తగిలితే గట్టిపడే పూత) పూసి, ఆరబెట్టి, లైటుకి పెట్టి, కడిగి, ఏడింటినీ వెంట్రుక వాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. ఇంత చేసి కొట్టేది 45 షర్టులు. ఇదే 500 అయితే రెండో మాట లేకుండా నా దగ్గరికే రమ్మంటా, ఎందుకంటే ఆ కష్టమంతా మొదటి షర్టుకే, తర్వాత గీస్తూ పోవడమే. ఇక పేర్లంటావా, ఒక్కో పేరుకి ఒక్కో ఫ్రేమా? అది స్క్రీన్ పని కానే కాదు.

కానీ బొమ్మని రెండు రంగులకి తగ్గించగలిగితే మాట మారుతుంది. నల్ల షర్టు మీద నలుపు ఇంకు ఎవడైనా వేస్తాడా? షర్టు నలుపునే ఆకాశంగా వదిలెయ్. చందమామ, కొండ అంచు, గుడారం తెలుపులో, మంట ఒక్కటే నారింజలో. ఆ నీలం కలిసిపోయేది తెల్ల చుక్కల్లో చూపించవచ్చు, దగ్గర చుక్కలు, దూరం చుక్కలు, దూరం నుంచి చూస్తే కలిసిపోయినట్టే ఉంటుంది. అప్పుడు ప్లాస్టిసాల్ ఇంకుతో కొట్టి 160 డిగ్రీలకి పండిస్తే షర్టు చినిగిపోయినా బొమ్మ పోదు.

కొత్తగా_వచ్చా:
బాబాయ్, "పండించడం" అంటే ఆరబెట్టడమేనా?

స్క్వీజీ_బాబాయ్:
కాదు. ప్లాస్టిసాల్ అనేది గాలికి ఆరదు. డబ్బా మూత తీసి నెల రోజులు వదిలేసినా అలాగే ఉంటుంది. అది పీవీసీ పొడి, దాన్ని మెత్తబరిచే నూనెలాంటి ద్రవం, రెండూ కలిపిన ముద్ద. వేడి తగిలితేనే కలిసి గట్టిపడి బట్ట దారాలని పట్టుకుంటుంది. చిక్కేమిటంటే పైన 160 ఉంటే సరిపోదు, పొర అడుగు దాకా 160 వెళ్లాలి. వేడి చూసే తుపాకీ పైపైన మాత్రమే చూపిస్తుంది. అందుకే షర్టు చల్లారాక బొమ్మని రెండు చేతులతో సాగదీసి చూడు. పగుళ్లు వచ్చి అలాగే ఉండిపోతే అది పచ్చిగా ఉన్నట్టు. ఉడికిన ఇంకు సాగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది.

గీతలగోల:
డిజైనర్‌ని. బాబాయ్ చెప్పిన రెండు రంగుల ఆలోచన నాకు నచ్చింది, కానీ ఆ అమ్మాయిని అడిగి చేయండి. ఇంకొకరి బొమ్మలో నాలుగు రంగులు కోసేస్తే ఎవరికైనా మంటే.

కొండదారి గారూ, బొమ్మ ఏ ఫైలులో ఉంది? అది ముందు చెప్పండి.

కొండదారి:
ఫోన్‌లో గీసింది. వాట్సాప్‌లో పంపింది. బానే ఉంది, జూమ్ చేస్తే కొంచెం గళ్లు గళ్లుగా వస్తోంది.

గీతలగోల:
అనుకున్నా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. అసలు ఫైలుని డాక్యుమెంట్‌గా పంపమనండి. టీషర్టు మీద బొమ్మ 10 అంగుళాల వెడల్పు అనుకుంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 3000 పిక్సెళ్ల వెడల్పు కావాలి. మీ దగ్గరున్నది వెయ్యి ఉంటే గొప్ప. దాన్ని సాగదీసి 3000 చేస్తే 3000 అవుతుంది గానీ గళ్లు పోవు, పెద్ద గళ్లు అవుతాయి.

స్క్రీన్‌కైతే ఇంకో మెట్టు ఉంది, రంగులు విడదీయడం. గీతలతో తయారైన వెక్టర్ ఫైలైతే నిమిషాల పని, ఇలాంటి పెయింటింగ్ అయితే సగం రోజు.

ఇక డీటీఎఫ్ అనుకుంటే ఆ కలిసిపోయే నీలమే మీ శత్రువు. ఫిల్మ్‌ని తిప్పి అతికిస్తారు గనక డీటీఎఫ్‌లో షర్టు మీద ప్రతి రంగు కిందా తెలుపు ఉంటుంది. రంగు పల్చబడుతూ పోయి మాయమయ్యే చోట తెలుపు ఏం చేయాలో దానికి తెలియదు. అక్కడ మురికి అంచులా, బూడిద పట్టినట్టు కనిపిస్తుంది. అలాగే అర మిల్లీమీటరు కన్నా సన్నటి గీతలకి పౌడర్ సరిగా అంటుకోదు, రెండు ఉతుకుల్లో అవి మాయం. మంట చుట్టూ వెలుగు, బొమ్మ కింద నీడ, ఇవన్నీ స్క్రీన్ మీద చూడటానికే. ఫోన్ స్క్రీన్ అని నా ఉద్దేశం బాబాయ్, మీది కాదు.

ఫిల్మ్_పౌడర్:
దానికీ చుక్కల పద్ధతే వాడతాం అండీ. కానీ ఒప్పుకుంటా, అలా చేసిస్తే తప్ప రాదు, చాలామంది ఫైలు పంపి ప్రింట్ కొట్టేయమంటారు.

కొత్తగా_వచ్చా:
డీటీజీ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఆ మూడో ఆయన పాపం.

స్క్వీజీ_బాబాయ్:
మంచి కాటన్ మీద, లేత రంగు షర్టు మీద డీటీజీ చాలా బాగుంటుంది. నీళ్ల ఇంకు, దారంలోకి ఇంకిపోతుంది, చెయ్యి పెడితే తెలియదు. ఒక్క షర్టు కావాలన్నా సరే. నల్ల షర్టు దగ్గరే దాని బాధ. ముందు షర్టు మీద ఒక ద్రావణం కొట్టి, ఆరబెట్టి, అప్పుడు తెలుపు వేసి, దాని మీద రంగులు వేయాలి. ఆ ద్రావణం లేకపోతే తెల్ల ఇంకు బట్టలోకి దిగిపోయి మాయమవుతుంది. అది కొట్టిన చోట పెట్టెలా ఒక మరక కనిపిస్తుంది, మొదటి ఉతుకులో పోతుంది, కానీ షర్టు అందుకున్నవాడు అంతదాకా ఆగడు, ఫోన్ చేసి తిడతాడు. పైగా తెల్ల ఇంకుకి తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ పొడి బరువు, అడుగుకి చేరిపోతుంది. మెషీన్ రోజూ నడవకపోతే ఇంకు చిమ్మే నాజిళ్లు మూసుకుపోతాయి. ఒక స్నేహితుడు ఆ మెషీన్ కొని వారం రోజులు పెళ్లికి వెళ్లొచ్చాడు. తిరిగొచ్చాక అతను ప్రింట్లు కొట్టిన రోజుల కన్నా నాజిళ్లు కడిగిన రోజులే ఎక్కువ.

నూలుపోగు:
ఆలస్యంగా చూశాను. బట్టలకి రంగు వేసే (డైయింగ్) వైపు పనిచేసినదాన్ని. ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది: షర్టు దేనితో చేసింది? కొండదారీ, కాటనా, పాలిస్టరా, రెండూ కలిసిందా?

కొండదారి:
కాటన్ అక్కా. 180 జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట 180 గ్రాములు) అని చెప్పాడు. అంటే ఒక 38 మందికి కాటన్. మిగతా ఏడుగురికి ఆ సైజులు కాటన్‌లో లేవట, వాళ్లకి డ్రై ఫిట్ ఇస్తానన్నాడు, అదీ నలుపే, పక్కపక్కన పెడితే తేడా తెలియదు అన్నాడు.

నూలుపోగు:
అయ్యో.

స్క్వీజీ_బాబాయ్:
ఇది మొదటి పోస్టులో చెప్పాల్సిన సంగతి నాయనా.

నూలుపోగు:
సరే, వివరంగా చెప్తా. డ్రై ఫిట్ అని అమ్మేది మామూలుగా పాలిస్టర్. పాలిస్టర్‌కి వేసే రంగు వేడి తగిలితే ఆవిరై కదులుతుంది. నల్ల, మెరూన్, ఎర్ర పాలిస్టర్ మీద తెల్ల ప్లాస్టిసాల్ కొట్టి 160 డిగ్రీల్లో పెట్టారనుకోండి, బట్టలోని రంగు పైకి లేచి ఇంకులోకి ఎక్కుతుంది. దుకాణంలో తీసుకునేటప్పుడు తెల్లగానే ఉంటుంది. రెండు రోజులకో, అట్టపెట్టెలో పెట్టిన రెండు వారాలకో ఎర్ర షర్టు మీద తెలుపు గులాబీ రంగుకి, నల్లదాని మీద బూడిద రంగుకి తిరుగుతుంది. అప్పటికి ప్రింటర్ డబ్బు తీసుకుని ఉంటాడు, మీరు షర్టులు పంచేసి ఉంటారు. దీనికి అడ్డుపొర ఇంకులు, తక్కువ వేడికి పండే ఇంకులు ఉన్నాయి, తెలిసినవాళ్లు వాడతారు. డీటీఎఫ్‌కీ ఈ బాధ లేకపోలేదు, కాకపోతే ప్రెస్ సమయం తక్కువ గనక కాస్త నయం, వేడి 130-140కి తగ్గించి చేస్తారు.

ఇంకోటి. దుకాణంవాడి మాట నమ్మకండి, వాడు మోసగాడని కాదు, వాడికీ ఎవరో చెప్పిందే. షర్టు లోపలి అంచు నుంచి బట్ట దారం ఒకటి లాగి వెలిగించండి. కాటన్ అయితే కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి గట్టి పూసలా అవుతుంది. కుట్టు దారం మాత్రం లాగకండి, కాటన్ షర్టుకి కూడా కుట్టు దారం పాలిస్టరే ఉంటుంది తరచుగా, అది చూసి తప్పు లెక్క వేసుకుంటారు.

కొండదారి:
అక్కా, ఇప్పుడే వెలిగించా. సాంపిల్‌గా ఐదు షర్టులు తెచ్చుకున్నా, అందులో ఒకటి. "వంద శాతం కాటన్" అన్నది సగం బూడిద, మధ్యలో చిన్న చిన్న పూసలు. మా అమ్మ ఇల్లు తగలబెడతావా అంటోంది.

నూలుపోగు:
కలిపిన బట్ట అన్నమాట. వాడచ్చు, తప్పేం లేదు, కానీ ఏ బట్టో తెలుసుకుని వాడాలి. డీటీజీ అయితే దీని మీద రంగులు వెలిసినట్టు వస్తాయి.

గీతలగోల:
నాకొక పిచ్చి ప్రశ్న. ట్రెక్‌లో అసలు కాటన్ ఎందుకు వేసుకుంటారు? చెమట పడితే తడిసి బరువెక్కుతుంది, కొండ మీద సాయంత్రం చలిగాలికి ఆరకుండా ఒంటికి అతుక్కుని ఉంటుంది.

ఒకసారి_కాలినవాడు:
పైగా వెనక పేరు అన్నారు. వీపు మీద బ్యాగు ఉంటుంది కదా! ఎనిమిది గంటలు బ్యాగు రుద్దుకుంటే ఏ ప్రింట్ నిలుస్తుంది? నిలిచినా ఎవరికి కనిపిస్తుంది?

స్క్వీజీ_బాబాయ్:
హహ. ఇరవై ఏళ్లలో ఎవరూ నన్ను అడగలేదు ఈ మాట. బ్యాగు పట్టీలు భుజాల మీద, బ్యాగు వీపు మీద. ప్లాస్టిసాల్ అయితే చెమటకి అక్కడ గాలి ఆడదు, అట్ట కట్టినట్టుంటుంది.

ఫిల్మ్_పౌడర్:
డీటీఎఫ్ కూడా అంతే, పెద్ద ముద్దగా వేస్తే ఒంటికి ప్లాస్టిక్ కవర్ చుట్టినట్టే. చిన్న లోగోకి పర్లేదు. బొమ్మ మధ్యలో ఖాళీలు ఉండేలా చేస్తే కొంత గాలి ఆడుతుంది. అంతకన్నా పొగడను, నా అన్నం నేను తినాలి కానీ అబద్ధం చెప్పను.

కొండదారి:
అయితే నేను ఇప్పుడేం చేయాలి చెప్పండి. నాలుగు రోజుల క్రితం ఏ మెషీన్ అని అడిగాను, ఇప్పుడు షర్టే తప్పు, పేరు చోటే తప్పు అంటున్నారు. టెన్షన్ పెరిగింది తప్ప తగ్గలేదు.

నూలుపోగు:
టెన్షన్ ఎందుకు. నలుపు మీద మీకు అంత మోజా, లేక ఎవరో నలుపు బాగుంటుందన్నారని తీసుకున్నారా?

కొండదారి:
బురద కనిపించదని. అంతే.

నూలుపోగు:
అయితే నలుపు వదిలేయండి. లేత రంగు, వంద శాతం పాలిస్టర్ తీసుకోండి. సబ్లిమేషన్ చేయించండి. మీ కష్టాలు సగానికి సగం పోతాయి.

నేను ఇందాక చెప్పిన పాలిస్టర్ దుర్గుణమే ఇక్కడ గుణం. రంగు ఆవిరై కదులుతుందన్నాను కదా. కాగితం మీద ఆ రకం రంగులతోనే బొమ్మ అచ్చు వేసి, షర్టు మీద పెట్టి 190 నుంచి 200 డిగ్రీల్లో 45-60 సెకన్లు నొక్కితే రంగు ఆవిరిగా మారి పాలిస్టర్ పోగులోకే వెళ్లిపోతుంది. పైన పొర అంటూ ఏదీ ఉండదు. పొర లేదు గనక పగలదు, ఊడదు, గాలి ఆడుతుంది. ఆరు రంగులైనా, కలిసిపోయే నీలమైనా సమస్యే లేదు. 45 పేర్లు వేరే వేరే ఉన్నా ప్రింటర్‌కి ఒకటే.

లోపాలు కూడా చెప్తా. ఇందులో తెల్ల ఇంకు ఉండదు. తెలుపు కావాల్సిన చోట షర్టు రంగే తెలుపు. లేత బూడిద షర్టు తీసుకుంటే చందమామ లేత బూడిదే. రంగులు పారదర్శకం, కాబట్టి కింద ఏ రంగు ఉందో దానితో కలుస్తాయి. పసుపు షర్టు మీద నీలం వేస్తే ఆకుపచ్చగా వస్తుంది. కాటన్ పోగుని ఈ రంగు పట్టుకోదు, కాబట్టి మీరు వెలిగించిన ఆ కలిపిన బట్ట మీద చేస్తే కాటన్ భాగం ఉతుకులో వెలిసిపోయి పాతబట్టలా అవుతుంది. కొందరు అదే ఫ్యాషన్ అని కావాలని చేయించుకుంటారు, అది వేరే విషయం. చుక్కలు చుక్కలుగా ఉండే మెలాంజ్ గ్రే జోలికి వెళ్లకండి, అందులో చాలావరకు కాటన్ కలుస్తుంది.

స్క్వీజీ_బాబాయ్:
నాకు గిరాకీ పోయింది గానీ, నూలుపోగు అమ్మాయి చెప్పింది సబబు.

కొత్తగా_వచ్చా:
మరి జెర్సీల మీద నంబర్లు, పేర్లు వినైల్‌తో వేస్తారు కదా? అది ఎవరూ చెప్పలేదు.

ఫిల్మ్_పౌడర్:
వేస్తారు. ప్లాటర్ అనే కోత మెషీన్‌తో రంగు ప్లాస్టిక్ షీటుని అక్షరం ఆకారంలో కోసి, అనవసరమైన ముక్కలు సూదిమొన పట్టకారుతో పీకేసి ప్రెస్ చేస్తారు. ఇంగ్లిష్ అంకెలకి హాయి. తెలుగు పేర్లు తెచ్చి చూడండి మీ ఓపిక తెలుస్తుంది. తలకట్లు, సున్నాలు, వత్తులు, "థ" మధ్యలో చుక్క. చుట్టూ ఉన్న అనవసరమైన ముక్క పీకేటప్పుడు ఆ చుక్క కూడా దానితోపాటు ఎగిరిపోతుంది, మన్మథరావు మన్మధరావు అవుతాడు. ఒకసారి 30 తెలుగు పేర్లు వినైల్‌లో చేశా, ఆ తర్వాతే డీటీఎఫ్ మెషీన్ కొన్నా.

గీతలగోల:
తెలుగు అన్నారు గనక ఇది అందరూ చదవాలి. పేర్ల జాబితా యూనికోడ్‌లో టైప్ చేసి ప్రింటర్‌కి పంపుతారు. అతని దగ్గర పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంటే, లేదా భారతీయ భాషల సెట్టింగ్ ఆన్ చేయకపోతే, వత్తులు విడిపోతాయి. "కృష్ణ"లో ణ వత్తు కిందకి రాదు, ష మీద పొల్లు పడి ణ పక్కన నిలబడుతుంది. కొన్ని చోట్ల ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు, వాటి పద్ధతి వేరు, యూనికోడ్‌లో మీరు పంపిన అక్షరాలు అక్కడ నేరుగా పెడితే ఏవో గుర్తులు వస్తాయి. కాబట్టి పేర్లన్నీ మీరే పేర్చి, అక్షరాలని గీతలుగా మార్చి పీడీఎఫ్ పంపండి. అప్పుడు ఫాంటు లేకపోయినా ఆకారం మారదు. పంపే ముందు ఎవరి పేరు వాళ్లకి చూపించండి. 45 మందీ "సరే" అన్నాకే. మన వాళ్లకి బొమ్మ రంగు మారితే ఫర్వాలేదు, పేరు తప్పు పడితే మాత్రం జన్మంతా గుర్తుంటుంది.

కొండదారి:
ఇప్పుడు కొంచెం దారి కనిపిస్తోంది. బొమ్మ గీసిన అమ్మాయిని అడిగా. నాలుగు రంగులు కోస్తామంటే మొహం మాడ్చింది గానీ, షర్టు లేత బూడిద చేస్తే ఆరు రంగులూ ఉంటాయంటే వెంటనే ఒప్పుకుంది, రాత్రి ఆకాశాన్ని తెల్లవారుజాము చేసి మళ్లీ గీస్తానంది. పేరు వెనక కాకుండా కుడి చేతి మీద. ముందు ఒక్క షర్టు చేయించి ఉతికి చూస్తా.

స్క్వీజీ_బాబాయ్:
ఒక్కటి కాదు, రెండు చేయించు. ఒకటి ఉతుకు, ఒకటి ఉతకకుండా దాచు. పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. జ్ఞాపకంతో పోల్చుకుంటే అంతా బానే ఉందనిపిస్తుంది.

కొండదారి:
రెండు వారాల తర్వాత వచ్చా. సాంపిల్ రెండు వచ్చాయి. ఒకటి ఐదుసార్లు ఉతికాం, మెషీన్‌లో, తిప్పి వేయకుండా, కావాలనే నిర్దయగా. రంగు తేడా నా కంటికి కనిపించలేదు. కానీ నీలం ఫోన్‌లో చూసినంత మెరుపు లేదు, కొంచెం డల్‌గా ఉంది. ఇంకోటి, బొమ్మ చుట్టూ పెద్ద చతురస్రంలా ఒక గీత పడింది, ఇస్త్రీ ముద్రలాగా. అది పోతుందా?

నూలుపోగు:
నీలం సంగతి, ఫోన్ వెలుగుతో చూపించే రంగులన్నీ ఇంకుతో రావు, అందులోనూ అడుగున బూడిద రంగు ఉంది. చతురస్రం మాత్రం కాగితం అంచు ముద్ర. 200 డిగ్రీల్లో పాలిస్టర్ ఒత్తిడికి మెరుస్తుంది. ఒత్తిడి కొంచెం తగ్గించమనండి, కాగితం అంచులు కత్తెరతో నీటుగా కాకుండా చేత్తో చింపినట్టు చేయమనండి, గీత పడదు. లోపల ఫోమ్ పెట్టినా సరే. ఇంకొకటి, బొమ్మ అంచుల్లో నీడలాగా రెండో గీత ఉందా చూడండి. ప్రెస్ ఎత్తేటప్పుడు కాగితం కదిలితే ఆవిరి రంగు పక్కకి కూడా అంటుతుంది. వేడి తట్టుకునే టేపుతో కాగితాన్ని షర్టుకి అతికిస్తే కదలదు.

కొండదారి:
నీడ లేదు. ఆయనకి చింపిన అంచుల సంగతి చెప్తే "ఇది మీకెవరు చెప్పారు" అని అనుమానంగా చూశాడు.

కొండదారి:
అంతా అయిపోయింది, నిన్ననే 45 షర్టులు అందాయి. 43 బాగున్నాయి. రెండింటి మీద మంట దగ్గర అక్క చెప్పిన నీడ గీత పడింది, ఆయనే మారుస్తానన్నాడు. గుడారం పక్కన మంట తెల్లవారుజాము వెలుగులో భలే ఉంది. పేర్లన్నీ గీతలుగా మార్చి పంపాం, అందరికీ చూపించాం, 45 మందీ సరే అన్నారు. అయినా ఒక తప్పు దొరికింది. నా పేరే. నాది నేను చూసుకోలేదు.

గీతలగోల:
ఏం పడింది?

కొండదారి:
దీర్ఘం లేదు. చెప్పను.

ఒకసారి_కాలినవాడు:
చెప్పకపోతే ఎలా. నా టేబుల్ మీద స్టిక్కర్ కథ నేను చెప్పలేదా?

ఫిల్మ్_పౌడర్:
ఆ సాంపిల్‌గా తెచ్చిన ఐదు నల్ల షర్టులు ఏం చేశారు బ్రో? ఊరికే ఉంటే పంపండి, మీ ఆర్గనైజర్లకి చందమామ ఒక్కటే చిన్నగా గుండె మీద వేసిస్తా. మూడున్నర అంగుళాలు, కుట్టుకి దూరంగా. రెండుసార్లు ప్రెస్ చేస్తా.

కొండదారి:
నాలుగే ఉన్నాయి. ఒకదాని అంచు కాల్చేశా కదా.